మంచాన పడ్డ అత్తయ్యను చూసుకుంటున్నాను. చూసుకునే మనిషికి ఏదైనా సాయం ఉంటుందా?

గోదారి గట్టు
మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యకు 74 ఏళ్ళు. పద్నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడివైపు పూర్తిగా పడిపోయింది. మాట సగమే వస్తుంది. అన్నీ మంచం మీదే. మావారు విశాఖలో ప్రైవేట్ కంపెనీలో చేస్తారు, పదిహేను రోజులకోసారి వస్తారు. నేను స్కూల్లో టీచర్‌గా చేసేదాన్ని, నెలకు 11 వేలు. మానేశాను.

రాత్రి రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి అలారం పెట్టుకుని లేచి ఆవిడను పక్కకు తిప్పుతాను. తిప్పుతుంటే పడిపోతానేమోనని బాగున్న ఎడమ చేత్తో నా గాజులు గట్టిగా పట్టుకుంటారు. గాజు పగిలి గుచ్చుకుంటుందని ఒకరోజు తీసేశాను. ఆ చీకట్లో నా చెయ్యి పట్టుకుని గాజుల కోసం తడుముకున్నారు. మర్నాడు వెళ్ళి రెండు ప్లాస్టిక్ గాజులు కొని వేసుకున్నాను.

ఆవిడ నన్ను పద్దెనిమిదేళ్ళు కూతురిలా చూసుకున్నారు. చెయ్యడానికి నాకు బాధ లేదు. కానీ మొన్న పొయ్యి మీద పాలు పెట్టి నిలబడే నిద్రపోయాను. గిన్నె మాడిన వాసనకి తెలివొచ్చింది. ఆ రోజు నుంచి భయంగా ఉంది. "ఇంట్లోనే ఉంటావుగా, నీకేం పని" అంటారు చుట్టాలు.

చూసుకునే మనిషి పేరు మీద ప్రభుత్వం ఇచ్చేది ఏమైనా ఉందా? డబ్బే కానక్కర్లేదు. రోజుకు రెండు గంటలు ఎవరైనా వచ్చి ఆవిడ దగ్గర కూర్చునే ఏర్పాటున్నా చాలు.

కృష్ణాతీరం
అత్తయ్యగారికి ఇప్పుడు ఏ పింఛను వస్తోంది?

గోదారి గట్టు
వృద్ధాప్య పింఛను, 4 వేలు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తారు.

కృష్ణాతీరం
అయితే మీరు ముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఎన్టీఆర్ భరోసా అనే మన ఆంధ్రా పింఛను పథకంలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు నెలకు 15 వేలు. 2024లో 5 వేల నుంచి ఒకేసారి అంత చేశారు. మామూలు దివ్యాంగుల పింఛను 6 వేలు, డయాలసిస్ వాళ్ళకు 10 వేలు. వృద్ధాప్యానిది, ఇది రెండూ రావు, ఏదో ఒకటే.

దీనికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే కాగితం, తప్పనిసరి. మీసేవలోగానీ సచివాలయంలోగానీ స్లాట్ బుక్ చేయించుకుని, ఇచ్చిన తేదీకి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. కొత్త పింఛన్ల దరఖాస్తులు ఎప్పుడు పడితే అప్పుడు తీసుకోరు. అందుకే సర్టిఫికెట్ ముందే చేతిలో ఉంచుకోండి. మా నాన్నకు తెచ్చిపెట్టుకుని ఉన్నాం కాబట్టి అవకాశం రాగానే కాగితాలు ఇవ్వగలిగాం. పక్క వీధిలో ఆయన అప్పుడు స్లాట్ కోసం పరుగెత్తారు, ఆయనకు దాటిపోయింది.

గోదారి గట్టు
పద్నాలుగు నెలల్లో ఈ మాట నాకు ఒక్కరూ చెప్పలేదండీ. ఆసుపత్రిలో కూడా.

పాతబండి
నేను అనేది ఎవరికైనా నొప్పి కలిగిస్తే క్షమించండి. మా అమ్మ మా నాయనమ్మను తొమ్మిదేళ్ళు చూసింది. పింఛనూ లేదు, పథకమూ లేదు. సొంత మనుషులను చూసుకున్నందుకు ప్రభుత్వాన్ని డబ్బు అడగడం నాకు మింగుడు పడటం లేదు. అది మన బాధ్యత కదా.

మల్లెపందిరి
పాతబండి గారూ, ఆ తొమ్మిదేళ్ళూ ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్ళు?

పాతబండి
పదకొండు మంది. పెద్దమ్మ, ఇద్దరు పిన్నులు, మా అత్త కూడా అక్కడే.

మల్లెపందిరి
ఈవిడ ఒక్కరే. ఐదుగురు ఆడవాళ్ళు చేసిన పని ఒక్క మనిషి చేస్తూ, జీతం వదులుకుని, డైపర్లు కొనుక్కుంటోంది. ఆవిడ బాధ్యత వదిలేస్తానని అనలేదు, ఒళ్ళు నిలబడటం లేదంటోంది.

కొచ్చి తెలుగమ్మాయి
డబ్బు అడగడం తప్పు అనేవాళ్ళకు ఒక మాట. నేను పదేళ్ళుగా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ ఆశ్వాసకిరణం అని పథకం ఉంది. మంచాన పడ్డవాళ్ళను, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళను చూసుకుంటున్న మనిషికి నెలకు 600 రూపాయలు. 600తో ఏమొస్తుందంటే ఏమీ రాదు. అయినా "నువ్వు చేసేది పనే" అని ప్రభుత్వం కాగితం మీద రాసి ఒప్పుకుంది కదా. మన తెలుగు రాష్ట్రాల్లో చూసుకునే మనిషి పేరు మీద అలాంటిది నాకు కనబడలేదు, ఉన్నదంతా రోగి పేరు మీదే.

చట్టం చుట్టం
2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఆ మాట ఉంది. 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం అని రాశారు. "ఆర్థిక స్తోమతను బట్టి" అని కూడా కలిపారు, దాంతో రాష్ట్రాలకు వాయిదా వేసే వీలు దొరికింది. అడగడం మాత్రం మన హక్కే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పది మంది కలిసి ఈ సెక్షన్ పేరు రాసి ఇస్తే రికార్డులోకి ఎక్కుతుంది.

గోదారి గట్టు
సోమవారం కలెక్టరేట్‌కి వెళ్తే ఇంట్లో అత్తయ్య దగ్గర ఎవరుంటారండీ? నా చిక్కంతా అక్కడే ఉంది.

చట్టం చుట్టం
నిజమే. అర్జీ మీరు రాసి పంపండి, మీవారు సెలవు పెట్టి పట్టుకెళ్ళొచ్చు. ఆయన తల్లే కదా.

నైట్‌డ్యూటీ నర్సు
డబ్బు సంగతి మిగతావాళ్ళు చెప్తున్నారు. నేను మీ నడుము గురించి చెప్తాను.

ఒక్కరే తిప్పుతున్నారంటే భుజం పట్టి లాగుతున్నారని అర్థం. లాగొద్దు. పాత నేత దుప్పటి ఒకటి నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఆవిడ కింద ఎప్పుడూ పరిచి ఉంచండి. తిప్పాలనుకున్న వైపు మీరు నిలబడి, అవతలి మోకాలు ముందే మడిచి, దుప్పటి అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు లాగండి. మనిషి దొర్లి వస్తుంది. ఆవిడకు మీరు ఎదురుగా కనిపిస్తారు కాబట్టి భయం తగ్గుతుంది. వీపు వెనక దిండు, రెండు మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఇంకోటి. మడమలు పరుపుకు ఆనకూడదు.

నడుము కింద, తుంటి దగ్గర ఎర్రగా కమిలిన చోటు కనిపిస్తే రుద్దొద్దు, పుండు తొందరగా పడుతుంది. మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండ్లు అమ్ముతారు, అవి కొనొద్దు. అన్నం కూర్చోబెట్టి పెట్టండి, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు, పొరబోతుంది.

గాలి పరుపు ఉందా?

గోదారి గట్టు
లేదు సిస్టర్. నీళ్ళ పరుపు కొన్నాం, చిల్లు పడింది.

నైట్‌డ్యూటీ నర్సు
మోటారుతో నడిచే గాలి పరుపు అద్దెకు కూడా దొరుకుతుంది. భీమవరంలో సర్జికల్ షాపుల్లో అడగండి. అది ఉన్నా తిప్పడం మానకూడదు. కాకపోతే రాత్రి రెండుసార్లు లేచేది ఒకసారికి తగ్గించొచ్చా అని డాక్టరుగారిని అడగండి. మీకు వరసగా నాలుగైదు గంటల నిద్ర దొరకడం ఆవిడకీ అవసరమే.

ఓరుగల్లు నాన్న
నా కొడుకుకు 22. బుద్ధి మాంద్యం, మూర్ఛ. స్నానం నుంచి గడ్డం గీయడం దాకా నేనే చేస్తాను. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది. మాకు పనికొచ్చినవి రాస్తున్నా, ఇలాంటి పిల్లలున్నవాళ్ళు చూసుకోండి.

మొదటిది, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు ఏడాదికి లక్ష రూపాయల దాకా. ముందు వైద్య పరీక్షలేమీ అడగరు, థెరపీలకు కూడా వస్తుంది. బిల్లులు దాచిపెట్టుకోవాలి, అదే నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

రెండోది, రైలు. వీడికీ, వెంట వెళ్ళే నాకూ స్లీపర్‌లో 75 శాతం రాయితీ. తిరుపతికి తీసుకెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేషన్‌లోనూ అందరికీ చెయ్యి ఊపాడు.

మూడోది అసలైనది. 18 దాటాక కన్నతండ్రినైనా చట్టప్రకారం సంరక్షకుణ్ణి నేనే అని అనుకోవడానికి లేదు. కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టి సంరక్షకుడిగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. బ్యాంకులో వాడి పేరున డబ్బు తియ్యాలన్నా ఆ కాగితం అడిగారు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో బుద్ధి మాంద్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది కదా, ఎన్‌ఐఈపీఐడీ, అక్కడ తల్లిదండ్రులకు కూడా నేర్పిస్తారు. బొత్తాలు పెట్టుకోవడం వాడికి ఎలా నేర్పాలో నాకు అక్కడే తెలిసింది. కింది బొత్తం నుంచి మొదలుపెట్టాలట. నేను నాలుగేళ్ళు పై నుంచి నేర్పుతున్నాను.

మల్లెపందిరి
ఇప్పుడు పెట్టుకుంటున్నాడా అన్నా?

ఓరుగల్లు నాన్న
మూడు పెట్టుకుంటాడు. మిగతా రెండూ "నానా" అని పిలిచి నాతో పెట్టించుకుంటాడు. అవి రాక కాదేమో, నాతో పెట్టించుకోవడం ఇష్టమేమో అనిపిస్తుంది.

లెక్కల పంతులు
గోదారి గట్టు గారూ, మీవారు పన్ను కడతారా? పాత పన్ను విధానంలో ఉంటే, వైకల్యం ఉన్న తల్లి కోసం 80డీడీ అని పిలిచే మినహాయింపు, ఆదాయంలోంచి 75 వేలు, వస్తుంది. వైకల్యం 80 శాతం, అంతకన్నా ఎక్కువ అని సర్టిఫికెట్‌లో ఉంటే లక్షా 25 వేలు. ఖర్చు ఎంతయిందో బిల్లులు లెక్క కట్టరు, మొత్తానికి మొత్తం వస్తుంది. కొత్త విధానంలో ఇది లేదు. రెండూ లెక్కేసి చూసుకోమనండి.

విశాఖ అల
పంతులుగారూ, నేను ఉద్యోగం చేస్తాను. మా అత్తగారికి నేను పెట్టుకోవచ్చా? ఖర్చంతా నా జీతంలోదే.

లెక్కల పంతులు
కుదరదమ్మా. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అంతవరకే. అత్తమామలు అందులో లేరు. మీవారు పెట్టుకోవాలి.

విశాఖ అల
చేసేది కోడలు, మినహాయింపు కొడుక్కి. చట్టం రాసినవాళ్ళు మన ఇళ్ళల్లోకి తొంగి చూస్తే బాగుండేది.

లీడ్స్ నుంచి
ఇంగ్లండ్ సంగతి చెప్తాను, పోలిక కోసం. ఇక్కడ వారానికి 35 గంటలు ఎవరినైనా చూసుకుంటే కేరర్స్ అలవెన్స్ ఇస్తారు. 2025-26లో అది వారానికి 83.30 పౌండ్లు ఉండేది. చుట్టం కానక్కర్లేదు, పక్కింటాయన అయినా పర్లేదు. కాకపోతే చూసుకోబడే మనిషికి ఫలానా వైకల్య భత్యాలు వస్తూ ఉండాలి, మన సంపాదన ఒక పరిమితి దాటకూడదు, 2025-26లో అది వారానికి 196 పౌండ్లు. వీసా మీద ఉన్న మనవాళ్ళు చాలామందికి ఇది వర్తించదు, వీసా షరతు చూడకుండా పెట్టుకోవద్దు.

నాకు నచ్చింది డబ్బు కాదు. కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, ఫోన్ చేస్తే "చూసుకునే మనిషి"కి ఏం సాయం కావాలో విడిగా అసెస్‌మెంట్ చేస్తారు. మా ఆవిడ వాళ్ళమ్మను చూసుకుంటోంది. వచ్చినావిడ గంటసేపు మా అత్తగారి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు ఎన్ని గంటలు పడుకుంటున్నావు, ఆఖరిసారి బయటికి ఎప్పుడెళ్ళావు, అన్నీ ఇవే. మా ఆవిడ ఏడ్చేసింది.

పక్కింటి మనిషి
లీడ్స్ ఆయన పక్కింటాయన అన్నారు కాబట్టి రాస్తున్నా. మా పక్కవాటాలో రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఉన్నారు, 81 ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. నా చిన్నప్పుడు నాకు బొమ్మలు నేర్పారు. ఇప్పుడు మతిమరుపు. పూట పూటా అన్నం మేమే పెడతాం, మందులు నేను వేస్తాను. తాళంచెవి నా దగ్గరే.

నాకు వచ్చే కష్టమంతా ఒకే ప్రశ్న. "మీరేమవుతారు?" ఆసుపత్రిలో సంతకం పెట్టబోతే అదే, బ్యాంకులో అదే. ఏమీ కాను. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చుట్టాలెవరైనా రావాలని రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టారు. పొద్దున ఆయన మేనల్లుడు ఫోన్‌లో ఒప్పుకున్నాక గానీ చేర్చుకోలేదు.

మాకు ఉపయోగపడినవి రెండు. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా ఉచిత వైద్యమిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు, ఆధార్ ఉంటే చాలు. ఇంట్లో సేవకు అది రాదు, ఆసుపత్రిలో చేరితేనే. ఇంకోటి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఫోన్ చేస్తే ఓపిగ్గా విన్నారు, ఏ ఆఫీసుకి ఏ కాగితం అని చెప్పారు. మాస్టారు తెలివిగా ఉన్న రోజున, మేనల్లుడి ఎదుట, నా పేరు రాసి సంతకం పెట్టించి పెట్టుకున్నాం. ఆ కాగితం కింద ఒక పిచ్చుక బొమ్మ వేశారు. వద్దని చెప్పబుద్ధి కాలేదు.

నైట్‌డ్యూటీ నర్సు
మీరు ఏమీ కారని ఇంకెప్పుడూ రాయకండి.

అమీర్‌పేట్ గల్లీ
క్యాన్సర్ ముదిరినవాళ్ళను ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళు పాలియేటివ్ కేర్ అనే మాట గుర్తుపెట్టుకోండి, నొప్పి, బాధ తగ్గించే వైద్యం అది. మా నాన్నకు నొప్పి భరించలేనంతగా ఉండేది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకు నాన్న పేపరు అడిగారు. తెలంగాణలో జిల్లాల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి, ఇంటికి వచ్చి చూసే టీములు కూడా. చివరి రోజుల్లో ఇంట్లో కుదరకపోతే హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు, డబ్బు తీసుకోరు.

మనసు బాగోకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416. రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నాన్న పోయాక నేను చేశాను. నిద్రపోయినా అలారం మోగినట్టు అనిపించి లేచేదాన్ని.

చట్టం చుట్టం
గోదారి గట్టు గారూ, మీవారికి అన్నదమ్ములు ఉన్నారా?

గోదారి గట్టు
బావగారు ఉన్నారు, హైదరాబాద్‌లో. పండక్కి వస్తారు. డబ్బు విషయం ఎప్పుడూ రాలేదు.

చట్టం చుట్టం
తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, లాయరు అక్కర్లేదు, పిల్లల నుంచి నెలకు 10 వేల దాకా ఇప్పించగలదు. అర్జీ అత్తయ్యగారి పేరు మీద పెట్టాలి.

గోదారి గట్టు
వద్దండీ. బావగారి మీద కేసు అంటే అత్తయ్యకు ఉన్న ప్రాణం కూడా పోతుంది.

మల్లెపందిరి
కేసు వద్దు, లెక్క రాయి చెల్లీ. మేము అదే చేశాం. నెల ఖర్చంతా పుస్తకంలో రాసి ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒక్క మాట కూడా రాయలేదు. మా మరిది ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. వాళ్ళకు నిజంగా తెలియదు, పండక్కి వచ్చినప్పుడు మంచం శుభ్రంగా ఉంటుంది కదా, అంతా బాగానే జరుగుతోందనుకుంటారు. డబ్బుతో పాటు రోజులు కూడా అడుగు. "ఏడాదిలో ఇరవై రోజులు మీరు" అని.

పాతబండి
నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేసి అడిగాను, నాయనమ్మను చూసుకున్నప్పుడు నీకెలా ఉండేదని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. మా మామయ్య పెళ్ళికి పొద్దున బస్సుకి వెళ్ళి, తలంబ్రాలు చూసి, భోజనం చెయ్యకుండా మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేసిందట. పదకొండు మంది ఉన్న ఇంట్లో నాయనమ్మ అమ్మ చేతి ముద్ద తప్ప తినేది కాదట. ముప్ఫై ఏళ్ళయింది, నాకు ఇంతవరకు తెలియదు. అప్పట్లో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే తీసుకునేదానివా అన్నాను. "డబ్బెందుకురా, ఆ ఒక్కరోజు ఎవరైనా ఉంటే చాలేది" అంది.

నేను పైన రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మల్లెపందిరి
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

గోదారి గట్టు
వారం రోజులుగా మీరు రాసినవన్నీ రాత్రి అలారం మోగినప్పుడు చదువుకుంటున్నాను. ఏం జరిగిందో చెప్పాలి.

లెక్క రాశాను. డైపర్లు 3,600, మందులు 2,850, ఫిజియో 4,000, గ్లవ్స్, పౌడరు, రాగిపిండి అన్నీ కలిపి 1,100. మొత్తం 11,550. కూడాక చూస్తే నేను వదిలేసుకున్న జీతంకన్నా ఎక్కువ. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు, టెన్షన్ పడ్డాను. మూడో రోజు మా తోడికోడలు ఫోన్ చేసింది. నెలకు 6 వేలు పంపుతామంది. పిల్లల పరీక్షలయ్యాక పది రోజులు వచ్చి ఉంటానంది. దుప్పటి పట్టి ఎలా తిప్పాలో వీడియో తీసి పంపమంది.

దుప్పటి పద్ధతి బాగుంది సిస్టర్. ఇప్పుడు నేను ఎదురుగా ఉంటాను కదా, అత్తయ్య గాజులు పట్టుకోవడం లేదు, ముఖంలోకి చూస్తున్నారు.

సదరం స్లాట్ దొరికింది, వచ్చే గురువారం. ఒక్కటే అనుమానం, ఆసుపత్రి 20 కిలోమీటర్లు. ఆవిడ కూర్చోలేరు, ఆటోలో కుదరదు. ఎలా తీసుకెళ్ళారు మీరంతా?

కృష్ణాతీరం
ఓమ్ని వ్యాన్ మాట్లాడుకోండి, వెనక సీట్లు తీసేయించి ఇంట్లో పరుపే పరవండి. పొద్దున ఏడింటికల్లా బయల్దేరండి, ఎండెక్కితే కష్టం. ఆధార్, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్ రిపోర్టు, రెండు ఫొటోలు. డైపర్లు రెండు ఎక్కువ పెట్టుకోండి. మీవారిని బుధవారం రాత్రికే రమ్మనండి, దింపేటప్పుడు ఇద్దరు మగవాళ్ళు కావాలి.

పక్కింటి మనిషి
మీరు కూడా ఏదైనా తిని బయల్దేరండి. అక్కడ మధ్యాహ్నం అవుతుంది.